కొనసాగింపా, సాగనంపా?

కొత్తరేవు ఫుట్‌బాల్ మైదానంలో ఎండుచేపల పోలమ్మ వచ్చి తూర్పు గ్యాలరీ కింది మెట్టు మీద కూర్చున్నాకే ఆట మొదలవుతుందని ఊళ్ళో ఒక మాట ఉంది. అది నిజం కాదు. ఆట వేళకే మొదలవుతుంది. కాకపోతే పోలమ్మ నోరు తెరిచేదాకా మొదలైనట్టు ఎవరికీ అనిపించదు. చేపల రేవులో బేరాలాడి పండిన గొంతు అది. ఆ గొంతుతో ఆమె సాగర క్లబ్బు జట్టును ముద్దుగా తిట్టేది, అవతలి జట్టును మర్యాదగా తిట్టేది. రెంటికీ తేడా కొత్తరేవు వాళ్ళకే తెలిసేది.

జట్టులో ముందు వరసలో ఆడే ఎల్లాజీ ఆమె అన్న కొడుకు. ఆమె చేతి ముద్దలు తిని పెరిగినవాడు. వాడి కాలికి బంతి అందితే చాలు, పోలమ్మ ఒళ్ళో పల్లీలు ఒలకబోసుకుంటూ లేచి నిలబడేది. పక్కనే కూర్చునే శేషగిరి మాస్టారు పొట్లం పట్టుకునేవాడు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఏళ్ళ తరబడి ఇద్దరిదీ ఒకే మెట్టు, ఒకే పొట్లం.

ఇలా ఉండగా క్లబ్బుకు ముఖ్య కార్యనిర్వహణాధికారి వచ్చాడు.

అంతకుముందు ఆ క్లబ్బుకు అధికారి అంటూ ఎవరూ లేరు. ఐసు ఫ్యాక్టరీల యజమాని దండు రామభద్రరాజు గారు అధ్యక్షుడు. బంతిలో గాలి తగ్గితే ఆయన డ్రైవరు కొట్టించుకొచ్చేవాడు. అంతటితో పరిపాలన పూర్తయ్యేది. అయితే పొరుగూరి క్లబ్బుకు ఒక సీఈఓ ఉన్నాడని తెలిసిన రోజున రాజుగారికి అన్నం సయించలేదు. వెంటనే బెంగళూరు నుంచి శాశ్వత్ అనే ఆయన్ను మూడేళ్ళ ఒప్పందం మీద రప్పించారు.

శాశ్వత్ గారు వచ్చాక జట్టు ఓడిపోవడం మానేసింది. గెలిచిందని కాదు. ఓడిన ప్రతిసారీ ఆయన పత్రికలవాళ్ళను పిలిచి, "దీన్ని ఓటమి అనే పాత దృష్టితో చూడరాదు. ఇది వాయిదాపడిన విజయం" అని చెప్పేవాడు. గోల్సు వరసపెట్టి తిన్న రోజున, "మన రక్షణ విభాగంలో ఆతిథ్య భావన పెంపొందింది" అన్నాడు. కోచ్‌ను తీసేసి దార్శనిక సమన్వయకర్త అనే ఆయన్ను పెట్టాడు. ఆ సమన్వయకర్తకు కార్నర్ కిక్ అంటే ఏమిటో తెలీదు. తెలీదు కాబట్టే కొత్తగా ఆలోచించగలడట.

మూడేళ్ళు నిండవచ్చాయి. ఒప్పందం పొడిగిస్తే జనం తిడతారు. పొడిగించకపోతే అప్పట్లో పొరపాటు చేశానని రాజుగారు ఒప్పుకున్నట్టవుతుంది. ఇలాంటి ఇరకాటంలో పెద్దవాళ్ళు ఏం చేస్తారో రాజుగారూ అదే చేశారు. ప్రజాభిప్రాయం అడిగారు.

ఒక ఆదివారం ఆట అయ్యాక గ్యాలరీ నీడలో అభిమానులు సమావేశమయ్యారు. ఆ రోజు కూడా ఒక విజయం వాయిదాపడింది. కాబట్టి అందరూ వేడి మీదున్నారు. పోలమ్మ కొంగు బిగించి లేచింది.

"బాబూ, నాను సదువుకున్నదాన్ని కాదు. మా ఎల్లాజీ బంతి తెచ్చి గోలు ముందరెడతాడు. దాన్ని తన్నీడానికి పక్కనొకడుండాలా? ఉన్న ఒక్కణ్ణీ ఏరే జట్టుకి అమ్మీసి మైదానం సుట్టూ అద్దాల గదులు కట్టించీసినారు. అద్దాల గదుల్లో కూకున్నోళ్ళొచ్చి గోలు కొడతారేటి? ఈ బాబుని పంపించీండి. దండేసి పంపించీండి. బస్సెక్కించి పంపించీండి. బస్సు కదిలీదాకా నాను స్టాండులో నిలబడతాను!"

చప్పట్లు మోగాయి. అప్పుడు శేషగిరి మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుని లేచాడు.

"ఈయన పనికిమాలినవాడని నేనూ ఒప్పుకుంటున్నాను. కానీ ఈయన ఎంతవరకు చెడగొట్టగలడో మనకు తెలిసిపోయింది. మారిస్తే వచ్చేవాడి లోతు మనకు తెలీదు. అలవాటైన కష్టాన్ని వదులుకుని, కొత్త కష్టానికి మళ్ళీ ఒకటో ఎక్కం నుంచి మొదలుపెడదామా?"

దీనికీ చప్పట్లు మోగాయి. పోలమ్మ ఆయన వంక తిరిగి చూసింది. అదే మెట్టు మీద కూర్చునే మనిషి నోట అలాంటి మాట వస్తుందని ఆమె అనుకోలేదు. "మాస్టారూ, మీరేటి మాటాడతన్నారో మీకు తెలస్తందా?" అంది. "నువ్వు మాట్లాడాకే నాకు తెలిసింది పోలమ్మా" అన్నాడాయన.

ఆ సాయంత్రానికి ఊరు రెండుగా చీలింది. మాస్టారి పక్షానికి కొనసాగింపు వర్గమనీ, పోలమ్మ పక్షానికి సాగనంపు వర్గమనీ ఎవరో ఆకతాయి పేర్లు పెట్టాడు. పేర్లు పెట్టాక చీలిక ఖాయమైపోయింది. ఆటకు రాని జనం వాదన వినడానికి వచ్చారు. పోర్టులో పని దిగినవాళ్ళు ఇంటికి పోకుండా ఇటు తిరిగారు. ఆటోలు ఆగాయి. బజ్జీల బండి వచ్చింది.

పై అంతస్తు అద్దాల గదిలోంచి శాశ్వత్ గారు ఇదంతా చూస్తున్నాడు. ఇంతమంది తనను వెళ్ళిపొమ్మంటుంటే ఆయన ముఖంలో కోపం లేదు, బాధ లేదు. వలలో బరువు తగిలినప్పుడు జాలరి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

మరుసటి ఆదివారం, చర్చను ఆట విరామంలో జరుపుకోవచ్చని ఆయన ప్రకటించాడు. విరామం అయిపోయినా చర్చ తెగలేదు. పోలమ్మ అంటోంది, మాస్టారు జవాబిస్తున్నాడు, గ్యాలరీలు ఊగుతున్నాయి. ఆటగాళ్ళు మైదానం మధ్యలో కూర్చుని గడ్డి పీకుతున్నారు. చివరికి వెలుతురు తగ్గిందని రెండో సగం ఆటను వచ్చే వారానికి వాయిదా వేశారు. ఆ వారం మైదానం జనంతో కిటకిటలాడింది. మిగిలిపోయిన ఆట కోసం కాదు, మిగిలిపోయిన చర్చ కోసం. ఆట మొదలుపెట్టబోతే "ఆపండి, ఆపండి" అని అరిచారు.

ఆ మర్నాడు గేటు మీద ఉత్తర్వు వెలిసింది. "క్రీడా ప్రక్రియ మూలమున అభిమానుల సంభాషణా ప్రవాహమునకు తరచు అంతరాయము కలుగుచున్నట్లు యాజమాన్యము గుర్తించినది. కావున తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు మైదానములోనికి బంతి ప్రవేశము నిషేధించడమైనది."

అప్పట్నుంచి అంతా పద్ధతి ప్రకారం నడిచింది. తూర్పు గ్యాలరీ సాగనంపు వారికి, పడమర గ్యాలరీ కొనసాగింపు వారికి కేటాయించారు. రెండు రంగుల చొక్కాలు కుట్టించారు. రిఫరీ సూరప్పడి ఉద్యోగం పోలేదు. చెప్పిందే చెబితే పసుపు కార్డు, ఇంట్లో ఆడవాళ్ళను తిడితే ఎర్ర కార్డు. అవతలివాడు ప్రశ్న అడక్కముందే జవాబు చెప్పేస్తే ఆఫ్‌సైడు. పెద్ద తెర మీద పోలమ్మ చెయ్యి విసిరిన తీరును నెమ్మదిగా మళ్ళీ మళ్ళీ చూపించి, మాజీ ఆటగాడొకడు వ్యాఖ్యానం చెప్పేవాడు. "ఇక్కడ చూడండి, 'సిగ్గుండాలి' అనే మాటను ఎడమ చేత్తో ఎంత చక్కగా అందించిందో!"

పొరుగూరి అభిమానులు కూడా బస్సులు కట్టించుకుని వచ్చారు. తమ సీఈఓను తిట్టుకోడానికి తమ ఊళ్ళో ఇంత సౌకర్యం లేదట. "మీవాడి కంటే మావాడే దుర్మార్గుడు" అని వాళ్ళు, "నోర్ముయ్యండి, మావాడి కాలి గోటికి చాలడు మీవాడు" అని కొత్తరేవు వాళ్ళు పంతానికి దిగారు. ఆ రోజు కొత్తరేవు గెలిచింది. మూడేళ్ళలో అదే మొదటి గెలుపు. ఊళ్ళో టపాకాయలు కాల్చారు.

పోలమ్మకు ఇదంతా నచ్చలేదంటే అబద్ధమే. గేటు మీద ఆమె బొమ్మ నిలువెత్తున పెట్టారు. చేపల బజారుకు వచ్చినవాళ్ళు ఆమె పక్కన నిలబడి ఫోటోలు తీయించుకున్నారు. ఎన్నడూ ఎండు నెత్తళ్ళు కొననివాళ్ళు కూడా కొన్నారు. వారం పొడుగునా రొయ్యపొట్టు చెరుగుతూ ఆదివారం ఏమనాలో తనలో తాను అనుకునేది. ఒక మంచి మాట తడితే చేట పక్కన పెట్టి నవ్వుకునేది.

ఒక పొద్దున శాశ్వత్ గారే బజారుకు వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "నమస్కారమమ్మా. మీ వ్యతిరేకత చాలా నాణ్యమైనది" అన్నాడు.

"ఏటి బాబూ?"

"అయితే గత రెండు వారాలుగా మీ విమర్శలో తీవ్రత కొంత క్షీణించినట్టు మా పరిశీలనలో తేలింది. నన్ను 'బాబు' అని సంబోధిస్తున్నారు. అది అభిమానుల్లో నిరుత్సాహం కలిగిస్తోంది."

"నిన్ను తిట్టమని నువ్వే నన్నడుగుతన్నావేటి?"

"విమర్శే సంస్థకు ఇంధనం తల్లీ" అని ఆయన చేతులు జోడించాడు.

పోలమ్మకు రోషం వచ్చింది. "అలాగైతే ఈ ఆదారం సూసుకో" అంది. ఆయన తృప్తిగా వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం మైదానంలో చీమ దూరే సందు లేదు. పోలమ్మ లేచింది. మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. మైకు కోసం చెయ్యి చాపింది. మైకు తెచ్చిచ్చిన చెయ్యి ఎల్లాజీది.

వాడి ఒంటి మీద జట్టు చొక్కా లేదు. బూడిదరంగు కోటు, మెడలో గుర్తింపు బిళ్ళ.

"ఇదేట్రా?"

"సంభాషణా సహాయకుణ్ణత్తా. జట్టంతా ఇదే పని. మొన్నటిదాకా నన్ను పడమర గేలరీలో ఏసినారు."

"మరి ఆట?"

"బంతుల గదికి తాళమేసినారు కదా." వాడు మైకు తీగ చిక్కు విప్పుతూ, తల వంచుకునే చెప్పాడు. "నువ్వు బాగా మాటాడతన్నావత్తా. మొన్న నాకూ సప్పట్లు కొట్టాలనిపించింది. రెండు సేతుల్లోనూ మైకులున్నాయి, కొట్టలేపోనాను."

వాడు ఎగతాళికి అనలేదు. నిజంగానే అన్నాడు. అందుకే పోలమ్మ చూపు వాడి కాళ్ళ మీదికి దిగింది. ఇసకలో నడక నేర్చిన రోజుల్నుంచి వాడి కాళ్ళు ఒకచోట నిలిచి ఆమె చూడలేదు. ఇప్పుడా కాళ్ళు బోడిగా, బుద్ధిగా, గ్యాలరీ మెట్టు మీద నిలబడి ఉన్నాయి. తూర్పు గ్యాలరీ "పోలమ్మా! పోలమ్మా!" అని ఊగిపోతోంది. ఆమె మైకు నోటిదాకా ఎత్తలేదు. సూరప్పడు వచ్చి, కాలయాపన చేస్తున్నందుకు పసుపు కార్డు చూపించాడు.

ఆమె మైకు వాడి చేతికిచ్చేసి, మెట్లు దిగి, మైదానం అడ్డంగా నడిచి పడమర గ్యాలరీకి వెళ్ళింది. ఇది కొత్త ఎత్తు అనుకుని జనం ఈలలు వేశారు. మాస్టారు కంగారుగా లేచాడు. చర్చ మొదలైన నాటి నుంచి ఇద్దరూ మైకులో తప్ప మాట్లాడుకోలేదు.

"మాస్టారూ, ఈ బాబుని ఉంచాలంటే ఆయనేటి సెయ్యాలని ఒప్పందం?"

"మైదానానికి జనాన్ని పెంచాలని. ఆయనే ప్రతి వారం చెబుతున్నాడుగా, చర్చకు ముందు ఇచ్చే స్వాగతోపన్యాసంలో. మన అరుపుల్లో మనమే పట్టించుకోలేదు."

"ఆటకి జనవనా?"

"జనమని. ఆటకని లేదు."

"అంటే, నాను పొమ్మని అరిసినకొద్దీ..."

"ఆయన పాతుకుపోతున్నాడు."

"మరి మీరు ఉండమన్నది?"

మాస్టారు తల దించుకున్నాడు. "నువ్వు పొమ్మన్నావని ఉండమన్నాను పోలమ్మా. మొదటి రోజు చప్పట్లు కొట్టారు చూడు, అవి చెవుల్లో ఉండిపోయాయి. స్కూల్లో ఎప్పుడూ ఎవరూ కొట్టలేదు."

ఆమె కోప్పడలేదు. తన సంగతి తనకు తెలుసు.

వచ్చే ఆదివారమే ఆఖరి చర్చ. ఆ రోజు రాజుగారి సమక్షంలో నిర్ణయం. ఒక్కడూ గేటు దాటకూడదని ఇద్దరూ తీర్మానించుకుని వీధులు పట్టారు. సాగనంపు వాళ్ళు గింజుకున్నారు. "ఇన్నాళ్ళూ సూసి ఆఖర్ది ఒగ్గీమంటావేటమ్మా? అదొక్కటీ సూసి మానేస్తాం." కొనసాగింపు వాళ్ళు ఇంకా గింజుకున్నారు. మాస్టారు లెక్క వేసి చూపిస్తే తలలూపారు గానీ, చొక్కాలు మాత్రం ఉతికి ఆరేసుకున్నారు. ఆఖరికి పోలమ్మే తేల్చింది. "ఎవడు గేటు దాటితే ఆడింటి గుమ్మంలోకొచ్చి అరుస్తాను. మైకక్కర్లేదు నాకు." అది పనిచేసింది.

ఆదివారం వచ్చింది. మైదానం ఖాళీ. ఊరు ఊరంతా సముద్రపొడ్డున, వలలు ఆరేసే చోట చేరి చెవులు రిక్కించింది. మైదానం లౌడుస్పీకర్లు అక్కడికి వినపడతాయి. లోపల రాజుగారు, శాశ్వత్ గారు, సూరప్పడు, ఖాళీ మెట్ల మీద మైకులు పట్టుకుని నిలబడ్డ ఆటగాళ్ళు. అంతే.

లౌడుస్పీకరు గరగరలాడింది. శాశ్వత్ గారి గొంతు.

"అధికారి వారి ఒప్పందము పొడిగింపుపై అభ్యంతరము గలవారు లేచి నిలబడి తెలియజేయవలసినదిగా కోరడమైనది."

ఒడ్డున సముద్రం ఒక్కటే తన మాట తాను చెబుతోంది.

"అభ్యంతరములు లేవు."

"అదేటి!" అన్నారెవరో.

"అభిమానులు ఒక్కరూ రాకపోవుటను వారి సంపూర్ణ సంతృప్తికి నిదర్శనముగా సభ భావించినది. సంతృప్తి చెందినవారు ఇంటి వద్దనే ఉందురు కదా. అధ్యక్షుల వారి అనుమతితో ఒప్పందమును ఏకగ్రీవముగా పదేళ్ళకు పొడిగించడమైనది."

మాస్టారు ఇసకలో కూలబడ్డాడు. "పోలమ్మా, వెళితే జనం పెరిగారన్నాడు. వెళ్ళకపోతే ఎదురు లేదన్నాడు. ఈ లెక్కకు జవాబు లేదు."

పోలమ్మ మైదానం గేటు వైపే చూస్తోంది. అక్కడినుంచి ఎల్లాజీ వస్తున్నాడు. వాడి వెనక జట్టంతా వస్తోంది. కోట్లు లేవు. మైకుల్ని గడ్డి మీద వరసగా పడుకోబెట్టి వచ్చేశారట. అందరికంటే వెనక సూరప్పడు. ఎల్లాజీ చంకలో బంతి ఉంది.

"తాళమో?" అంది పోలమ్మ.

"తలుపే ఊడొచ్చేసిందత్తా. అద్దాల తలుపు కదా."

పడవల తెడ్లు నాలుగు ఇసకలో పాతారు. ఆట మొదలైంది. మొదటి పరుగుకే ఎల్లాజీ బోర్లా పడ్డాడు. వారాల తరబడి నిలబడి ఉన్న కాళ్ళు మాట వినలేదు. ఇంకొకడు ఆయాసంతో ఇసకలో కూర్చుండిపోయాడు. చూడ్డానికి ఘోరంగా ఉంది. అయినా ఎవరూ కదల్లేదు. మెల్లమెల్లగా కాళ్ళకు పాత సంగతులు గుర్తుకొచ్చాయి.

ఈ సందడి విని శాశ్వత్ గారు రాజుగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. మైకు పట్టేవాళ్ళు లేక తానే పట్టుకొచ్చాడు. తిన్నగా ఆట మధ్యలోకి నడిచి నిలబడ్డాడు.

"ఈ జనసమూహము క్లబ్బు వారి తీరప్రాంత విస్తరణ కార్యక్రమములో భాగమని ప్రకటించడానికి సంతోషిస్తున్నాము. దీనిపై చర్చకు అవకాశమున్నది. పోలమ్మ గారూ, ముందుగా మీరు." మైకు ఆమె వైపు చాపాడు.

పోలమ్మ నోటి నిండా మాట ఉంది. ఇన్ని వారాలు రొయ్యపొట్టు చెరుగుతూ ఏరుకున్న మాటలన్నిటికంటే పదునైంది. అది అంటే ఒడ్డు ఒడ్డంతా పడీపడీ నవ్వుతుంది. ఆ తర్వాత మాస్టారు ఏదో అంటాడు. దానికి ఇంకొకడు జవాబు చెబుతాడు. పొద్దుగుంకుతుంది. ఎల్లాజీ బంతి మీద కూర్చుని ఇసక గీస్తుంటాడు.

ఆమె ఆ మాటను చేపముల్లు మింగినట్టు మింగేసింది. ఆయన పక్కనుంచి తొంగి చూస్తూ, "అల్లక్కడ, ఎల్లాజీ, ఎడం పక్క కాళీగుందిరా!" అని అరిచింది.

శాశ్వత్ గారు మైకు మాస్టారికి చాపాడు. మాస్టారి పెదవులు కదిలాయి. పోలమ్మ ఒక్క చూపు చూసింది. ఆయన చప్పున నోట్లో పల్లీలు పోసుకున్నాడు. శాశ్వత్ గారు మైకును జనం అందరి ముందూ తిప్పాడు. ఎవరూ తిట్టలేదు. వెళ్ళిపొమ్మని కూడా ఎవరూ అనలేదు. "కొంచెం పక్కకి జరగండి బాబూ, కనపడ్డం లేదు" అని ఒక ముసలాయన మర్యాదగా అన్నాడు.

సూరప్పడు పరుగెత్తుకుంటూ వచ్చి, "సార్, ఆట నడుస్తోంది. గీత అవతల నిలబడండి" అన్నాడు.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. బంతి ఆ పక్కకే వస్తే మరో అడుగు. అలా వెనక్కి నడుస్తూ నడుస్తూ నీళ్ళలోకి దిగాడు. అల వచ్చి బూట్లు తడిపింది. అంత సేపూ ఆయన ముఖంలో లేని భయం అప్పుడు కనపడింది. రాజుగారిని పిలుద్దామని చూశాడు. రాజుగారు పంచె ఎగ్గట్టి, బజ్జీలు తింటూ, "కొట్టరా! కొట్టరా దాన్ని!" అంటున్నారు.

శాశ్వత్ గారి పదేళ్ళూ ఇంకా నడుస్తున్నాయి. ఆయన అద్దాల గదిలోనే ఉన్నాడు. ఖాళీ మైదానానికి ముఖ్య కార్యనిర్వహణాధికారిగా ఆయన పనితీరు మీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఒక్క ఓటమీ లేదు. పొరుగూళ్ళ క్లబ్బులవాళ్ళు వచ్చి ఆ పద్ధతి నేర్చుకుని వెళుతున్నారని వినికిడి.

ఆ సాయంత్రం మాత్రం ఎల్లాజీ ఇద్దర్ని తప్పించుకుని, పడబోయి, పడకుండా ఆగి, తెడ్ల మధ్యకు బంతి తన్నాడు. ఒడ్డు అదిరింది. పోలమ్మ గంతు వేసింది. ఆ హోరులోనే వెనక ఇద్దరు మగవాళ్ళు మొదలుపెట్టారు. శాశ్వత్ గారిని అలా ఊరికే వదిలేయడం తప్పని ఒకడు, అలా వదిలేయడమే సరైన శిక్షని ఇంకొకడు. మొదటివాడు నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. రెండోవాడు చుట్టూ చూసి గొంతు పెంచాడు. అప్పుడే నలుగురు తలలు అటు తిప్పారు.

పోలమ్మ వంగి దోసెడు తడి ఇసక తీసుకుంది.

"ఒరే! మూతులిటు తిప్పి బంతి సూస్తారా, నన్నక్కడికి రమ్మంటారా?"

తలలు ఇటు తిరిగాయి.